తహితిలో నాకు గుర్తున్న ఒక సర్కారు కొలువు

పసిఫిక్ మహాసముద్రంలో ఫ్రెంచి పాలకుల కిందున్న తహితి దీవి పేరెత్తగానే మా ఊళ్లో ఎవరైనా అడిగేది ఒకటే: "నీళ్ల మీద కట్టిన హోటలు గదులు చూశారా మాస్టారూ?" చూశాను. కానీ ఆ దీవి తలపుకొచ్చినప్పుడు నా కళ్లముందు మెదిలేది రాజధాని పాపెయెతె రేవు పక్కనున్న ఒక ప్రభుత్వ కార్యాలయం. తె ఫరె తౌహితి నుయి అంటారు దాన్ని. ఒక పెద్ద థియేటరు, ఒక చిన్న థియేటరు, ఒక గ్రంథాలయం, బొమ్మలూ భాషలూ నేర్పే గదులు, పక్కనే సముద్రం. ఆ దేశపు సంస్కృతి వ్యవహారాల్లో చాలా భాగం అక్కణ్ణుంచే నడుస్తుంది.

అక్కడ ఏళ్ల తరబడి డైరెక్టరుగా పనిచేసి, 2014లో మంత్రివర్గంలోకి వెళ్లిన హెరెమోవానా మామాతువాయాహుతపు గురించి రాయాలని చాలాకాలంగా నా కోరిక. ఆయనతో నాకు పరిచయం లేదు. ప్రేక్షకుల వరసల్లోంచీ, పొద్దున్నే వచ్చే పేపర్లోంచీ చూసినవాణ్ణి మాత్రమే. అయినా ఆయన పదవీకాలాన్ని నేను మా ఇంటివాళ్ల సంగతిలా పట్టించుకుని చూశాను. అందుకు కారణం ఉంది.

ముందు నేనక్కడికి ఎలా చేరానో చెప్పాలి. మాది యానాం. 1954లో ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయినా, ఒప్పందం అమల్లోకి వచ్చింది 1962లో. ఏ పౌరసత్వం కావాలో ఆరు నెలల్లో తేల్చుకోమన్నారు. మా తాతగారు ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకున్నారు. ఆ సంతకం పుణ్యమా అని నేను పారిస్ శివార్లలో చదువుకుని, లెక్కల మాస్టారునై, తొంభైల్లో తహితిలో ఒక లిసేకి, అంటే ఫ్రెంచి హైస్కూలుకి, బదిలీ మీద వెళ్లాను. 2000ల్లో మళ్లీ వెళ్లి ఇంకొన్నేళ్లు ఉన్నాను. పిల్లలు నన్ను "మెస్యూ" అని పిలిచేవాళ్లు. ఊరంతా చెక్క బెంచీలు బిగించిన ట్రక్కుల మీద తిరిగేది. పక్కవాడి బుట్టలో చామదుంపలో, పనసలాంటి ఉరు కాయలో, నారకు గుచ్చిన చేపలో ఉండేవి. చామదుంప పులుసు పెట్టుకోవడానికి నాకు ఏ లోటూ ఉండేది కాదు. సముద్రపు ఒడ్డున సరుగుడు చెట్లు కనబడ్డప్పుడు మాత్రం ప్రాణం లేచొచ్చేది. అక్కడ వాటిని అయితో అంటారు. పాత పూజాస్థలాల చుట్టూ అవీ, గంగరావి చెట్లూ ఉంటాయి. గంగరావిని వాళ్లు మీరో అంటారు. ఆ కర్రతోనే తొయెరె అనే చీలిక డోళ్లు చెక్కుతారు. మా ఏటిగట్టున పశువులు కట్టేసే చెట్టుకి అక్కడ అంత మర్యాద ఉందని తెలిసి ఎంత సంబరపడ్డానో.

తహితి ఉన్న ఫ్రెంచి పాలినేషియా అంటే నూట ఇరవైకి అటూయిటూగా దీవులు, అయిదు ద్వీపసమూహాలు. నేల మొత్తం కలిపితే నాలుగు వేల చదరపు కిలోమీటర్ల లోపే. దాని చుట్టూ ఉన్న సముద్రం దాదాపు 50 లక్షల చదరపు కిలోమీటర్లు. జనం మూడు లక్షల లోపు. సైన్యం, కరెన్సీ, న్యాయవ్యవస్థ పారిస్ చేతిలో ఉంటాయి. 1984లో, ఆ తరవాత 2004లో వచ్చిన స్వయంపాలన చట్టాలతో స్థానిక ప్రభుత్వం చేతికి వచ్చినవాటిలో సంస్కృతి ఒకటి, పర్యావరణం ఒకటి. బయటివాళ్లకి ఇవి చిన్న శాఖల్లా కనిపిస్తాయి. అక్కడ అలా కాదు. తమ నేల గురించి, తమ నీటి గురించి తామే తీర్మానించుకోగలిగిన చోటు అదే. అందుకే ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారన్నది జనానికి పట్టింపు.

ఆ పట్టింపు వెనక పెద్ద గాయం ఉంది. మొరురోవా, ఫంగతౌఫా అనే రెండు పగడపు దీవుల్ని 1964లో ఫ్రాన్సుకి అప్పగించారు. 1966 జులై నుంచి 1996 జనవరి దాకా అక్కడ 193 అణుపరీక్షలు జరిగాయి. 1974 వరకూ చాలావాటిని గాలిలోనే పేల్చారు. నేను వెళ్లేసరికి పరీక్షలు ఆగి ఉన్నాయి. 1995 జూన్‌లో ఫ్రాన్సు అధ్యక్షుడు షిరాక్ మళ్లీ మొదలెడతానన్నాడు. సెప్టెంబరు 5న మొదటిది పేల్చారు. మర్నాడు ఫా విమానాశ్రయం తగలబడింది, పాపెయెతెలో దుకాణాలు తగలబడ్డాయి. మేముండే చోటి నుంచి ఆ పొగ కనబడింది. బడి మూసేశారు. తెరిచాక నా క్లాసులో ఒక కుర్రాడు, తువామోతు దీవులవాడు, వెనక బెంచీలో తలొంచుకుని కూర్చున్నాడు. ఏమైందిరా అంటే, వాళ్ల నాన్న మొరురోవాలో పనిచేసేవాడని చెప్పి ఊరుకున్నాడు. ఆ రోజు నేను పాఠం చెప్పలేకపోయాను.

హెన్రీ హిరో పేరు నేను మొదట విన్నది ఆ రోజుల్లోనే. ఆయన 1990లోనే పోయాడు. వీధిలో ఉన్న కోపానికి ఇరవై ఏళ్ల ముందు మాటలిచ్చినవాడు ఆయనే అని స్టాఫు రూములో తహితి భాష చెప్పే పెద్దాయన అన్నారు. హిరో 1944లో పుట్టాడు, పునావియాలో పెరిగాడు. ఫ్రాన్సులోని మోంపెలియేలో మతశాస్త్రం చదివి 1972 ప్రాంతంలో తిరిగొచ్చాడు. పాదిరీ కావలసినవాడు, అణుపరీక్షల మీద చర్చి మౌనంగా ఉండటం నచ్చక బయటికొచ్చేశాడు. ఆ తరవాత ప్రభుత్వ సాంస్కృతిక సంస్థలో చేరాడు. అదే 1980లో ప్రాంతీయ సాంస్కృతిక కార్యాలయంగా మారింది; అందులో పరిశోధన, సృజన విభాగం హిరో చూశాడు. సర్కారు జీతం తీసుకుంటూనే కవిత్వం రాశాడు, నాటకాలు వేశాడు, సినిమాలు తీశాడు, ప్రకృతి పరిరక్షణ సంఘంలో ముందు నిలబడ్డాడు, 1975లో ఒక పార్టీ పెట్టినవాళ్లలో ఒకడయ్యాడు. పిల్లల్ని మీ భాషలో రాయండర్రా, ఏ భాషలోనైనా సరే రాయండి, కానీ మీరే రాయండి అని పోరేవాడట. ఫా పట్టణంలో ఇప్పుడొక కాలేజీకి ఆయన పేరుంది.

హిరోని గురించి చదివేకొద్దీ నాకు తోచింది ఇదీ: తహితిలో సంస్కృతి ఉద్యోగమంటే నాట్యాలకి స్టేజీ కట్టించడం కాదు. మొదటి తరంవాళ్లే దాన్ని నేలతోనూ నీటితోనూ ముడివేసి పెట్టారు. తరవాత వచ్చినవాళ్లకి ఆ ముడి ఆస్తిలా దక్కింది. హిరో గొంతెత్తి అన్నదాన్ని మామాతువాయాహుతపు తరంవాళ్లు దస్త్రాలుగా, చట్టాలుగా, బడ్జెట్లుగా మార్చారు. మొదటిది చేసినవాళ్లని అందరూ తలుచుకుంటారు. రెండోది చేసినవాళ్లని తలుచుకునేవాళ్లు తక్కువ. నాకు రెండోవాళ్లంటేనే అభిమానం ఎక్కువ.

ఆ ముడి నాకు పుస్తకంలో కాదు, మా పక్కింటి పెరట్లో అర్థమైంది.

జులై వచ్చిందంటే తహితి అంతా హెయివా. 1819లో పొమారె రాజు కాలంలో మిషనరీల ప్రభావంతో వచ్చిన చట్టం నాట్యాన్ని నిషేధించింది. 1881 నుంచి ఫ్రెంచి జాతీయ దినోత్సవం పేరు మీద జులై పండగ మొదలై, ఆ చాటున ఆటపాటలు మెల్లగా ఊపిరి పోసుకున్నాయి. 1956లో మాదలేన్ మువా అనే ఉపాధ్యాయిని ఒక నాట్య బృందం కట్టి, మర్యాదస్తుల ఇళ్లలోని ఆడపిల్లల్ని మళ్లీ నాట్యంలోకి తెచ్చింది. 1985 నుంచి పండగకి హెయివా అన్న పేరు స్థిరపడింది. ఇప్పుడు ఒక్కో బృందంలో నూటికి పైగా మనుషులు, ఆరు నెలల సాధన, న్యాయనిర్ణేతలు, బహుమతులు. తొవాతా మైదానంలో రాత్రిపూట అంతమంది మోకాళ్లు ఒకేసారి కదులుతుంటే కింద నేల అదరడం కూర్చున్నవాళ్లకి తెలుస్తుంది.

మా పక్కింటావిడ పురపాలక కార్యాలయంలో గుమాస్తా. ఆవిడా, ఆవిడ చెల్లెళ్లూ ఒక బృందంలో ఆడేవాళ్లు. ప్రతి బృందమూ ఒక నాట్యానికి పచ్చి ఆకులతో, పూలతో, తీగలతో కుట్టిన దుస్తులు వేసుకోవాలి. ముందు రోజు కుడితే వాడిపోతాయి. అందుకని ప్రదర్శన రోజు చీకటితోనే లోయలోకి వెళ్లేవాళ్లు. ఎనిమిదింటికల్లా పెరడంతా ఆకులే: పొడవాటి అవుతి ఆకులు, ఫెర్నులు, అరటి నార, తియారె మొగ్గలు. తడిగుడ్డలు కప్పిన ఐసు పెట్టెల్లో మొగ్గలు దాచేవాళ్లు. ఆకుని ఈనె పక్కనుంచి చీల్చి, పీచుతాడుకి ఒక్కొక్కటే ముడివేసుకుంటూ పోయేవాళ్లు. నడుముకి ఒక వరస, దాని మీద ఇంకో వరస, అడుగు పడ్డప్పుడు విచ్చుకోవాలి, రాలకూడదు. నాకూ ఒక బుట్ట ఇచ్చి ఈనెలు తీయమన్నారు. మధ్యాహ్నానికి నా వేళ్లు ఆకుపసరుతో నల్లబడ్డాయి.

ఇంకో నాట్యానికి మొరె అనే పీచు లంగా. పురావు చెట్టు బెరడు ఒలిచి, నీళ్లలో నానబెట్టి, గీకి, ఎండబెట్టి, దారాల్లా చీల్చి చేస్తారు. ఒక బృందానికి ఎన్ని చెట్లు కావాలో లెక్కేసుకోండి. అప్పుడే ఆవిడ మామూలుగా, ఏదో కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది: "మా అమ్మ ఈ ఫెర్ను వంతెన దగ్గరే కోసేది మెస్యూ. ఇప్పుడు మేం జలపాతం దాకా ఎక్కుతున్నాం. మధ్యలో అంతా మికోనియా." అడవి పైకి జరిగిపోతే నాట్యమూ వెనకే ఎక్కాలి. సంస్కృతి శాఖనీ పర్యావరణ శాఖనీ ఒకే మంత్రికి ఎందుకిస్తారో నాకు ఆ మాటతో బోధపడింది.

మికోనియా గురించి చెప్పాలి. 1937లో పాపెయారిలో ఒక తోట పెంచుకున్న అమెరికన్ ఆసామి దాన్ని అందానికి తెచ్చి నాటాడు. ఆకు చాటంత ఉంటుంది, అడుగు భాగం ఊదారంగు. పక్షులు విత్తనాలు మోశాయి. కొన్ని దశాబ్దాల్లో తహితి దీవిలో మూడింట రెండు వంతులు దాని పాలైంది. దాని నీడన మరేదీ మొలవదు. వేళ్లు లోతుకి పోవు కాబట్టి వానలకి కొండ చరియలు జారతాయి. నేను పిల్లలతో లోయల్లో నడకకి వెళ్లినప్పుడు ఆ నీడలోకి అడుగుపెట్టగానే పక్షుల చప్పుడు తగ్గిపోవడం గమనించేవాళ్లం. 2000లో బ్రెజిల్ నుంచి ఒక శిలీంధ్రాన్ని తెచ్చి వదిలారు. అది చెట్టుని చంపలేదు గాని ఆకుల్ని చిల్లులు పొడిచి వెలుతురు కిందికి దిగనిచ్చింది. నేను రెండోసారి వెళ్లేసరికి కొన్నిచోట్ల ఆ వెలుతురులో దీవి సొంత మొక్కలు మళ్లీ మొలకెత్తుతున్నాయి. ఆ మొలకలు చూపించడానికే ఒకసారి క్లాసు మొత్తాన్ని కొండెక్కించాను.

నత్తల కథ ఇంకా బాధాకరం. పార్తులా అని గోరంత చెట్టునత్తలు, లోయకో రకం ఉండేవి. వాటి గుల్లలు గుచ్చి ఆడవాళ్లు దండలు చేసేవాళ్లు. 1967లో తిండికోసం ఆఫ్రికా పెద్దనత్తని తెచ్చారు. అది పంటల మీద పడింది. దాన్ని తినడానికని డెబ్బైల్లో ఒక మాంసాహారి నత్తని తెచ్చి వదిలారు. అది పెద్దనత్తని వదిలేసి పార్తులాల్ని తినేసింది. జాతులకి జాతులే పోయాయి. దండలు గుచ్చే పని కూడా వాటితోనే పోయింది. మిగిలిన కాసినిటినీ శాస్త్రజ్ఞులు ముందే తీసుకెళ్లి లండన్ లాంటి చోట్ల జంతుప్రదర్శనశాలల్లో పెంచారు. 2015 నుంచి వాటి సంతానాన్ని వెనక్కి తెచ్చి లోయల్లో వదులుతున్నారు. అడవిలో మళ్లీ పుట్టిన పిల్లనత్తలు కనబడ్డాయని విన్నప్పుడు నేను ఫ్రాన్సులో ఉన్నాను. స్టాఫు రూములో ఈ వార్త ఎవరికి చెప్పినా అంత సంతోషమేంటని చూశారు.

ఇక మామాతువాయాహుతపు దగ్గరికి వస్తాను. ఆయన పేరు ఊరందరి నోటా పడింది 2004లో, ఓషియానియా డాక్యుమెంటరీ చిత్రోత్సవంతో. న్యూ కాలెడోనియాకి చెందిన పాత్రికేయుడు వాలెస్ కోత్రాతో కలిసి దాన్ని మొదలుపెట్టాడు. అంతకుముందు మా పిల్లలు టీవీలో చూసేదంతా పారిస్ నుంచో అమెరికా నుంచో వచ్చేది. పక్కింటివాళ్లయిన సమోవా, ఫిజీ, పపువా, మావోరీ జనం ఎలా బతుకుతున్నారో ఎవరికీ తెలియదు. ఏటా జనవరి, ఫిబ్రవరి ప్రాంతంలో ఆ సాంస్కృతిక భవనమే పెద్ద సినిమా హాలైపోయేది. ఆవరణలో చాపలు, పందిళ్లు, వంటల బళ్లు. బడిపిల్లలకి పొద్దుటి ఆటలు ఉండేవి. మేం వరసగా నడిపించుకెళ్లేవాళ్లం.

ఒక పొద్దున మునిగిపోతున్న ఒక పగడపు దీవి మీద తీసిన చిత్రం చూపించారు. ఉప్పునీరు చేమమళ్లలోకి వచ్చేసింది. ఒక ముసలావిడ కుళ్లిన దుంప పైకి లాగి కెమెరాకి చూపించింది. మా వరసలో తువామోతు పిల్లలు ఎవరూ కదల్లేదు. బయటికొచ్చాక వాళ్లలో ఒక అమ్మాయి అడిగింది: "మెస్యూ, మా దీవి సముద్రానికి ఎంత ఎత్తు?" మర్నాడు లెక్కల క్లాసు దాంతోనే మొదలెట్టాం. తువామోతు దీవులు చాలావరకు సముద్రమట్టానికి రెండు మూడు మీటర్ల ఎత్తులోనే ఉంటాయి. ఆటుపోట్లు, అలల ఎత్తు, తుపాను ఉప్పెన, అన్నీ వాళ్లే లెక్కగట్టారు. అంత శ్రద్ధగా ఆ ఏడాది మరే లెక్కా చేయలేదు. సాంస్కృతిక శాఖ పెట్టిన సినిమా నుంచి పర్యావరణ పాఠం పుట్టింది. అది పెట్టినవాళ్ల ఉద్దేశం కూడా అదేనని నాకు నమ్మకం.

మంత్రి అయ్యాక ఆయన శాఖల పేర్లు మారుతూ వచ్చాయి. ఒకప్పుడు భాషలు కలిశాయి, ఒకప్పుడు చేతివృత్తులు, ఒకప్పుడు ఇంధనం. సంస్కృతి, పర్యావరణం మాత్రం జంటగా ఆయన దగ్గరే ఉన్నాయి. అధ్యక్షుడు ఎదువార్ ఫ్రిచ్ ప్రభుత్వాల్లో 2023 దాకా కొనసాగాడు. ఫ్రిచ్ పార్టీ ఫ్రాన్సుతో కలిసి ఉంటూనే స్వయంపాలన కోరేది. స్వాతంత్ర్యం కావాలనేవాళ్లు ఆయన్ని విమర్శించడం నేను చదివాను. ఆ రాజకీయంలో ఎవరిది ఒప్పో చెప్పడానికి నేను బయటివాణ్ణి. పని గురించి మాత్రం చెప్పగలను.

అన్నిటికంటే పెద్దది తపుతపువాతెయా. రయియాతెయా దీవిలో ఓపోవా అనే పల్లె దగ్గర, సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొమ్ము మీద ఉన్న రాతి మరాయెల సముదాయం అది. మరాయె అంటే గోడల్లేని గుడి అనుకోండి: రాళ్లు పరిచిన ముంగిలి, ఒక చివర నిలువు పలకల వేదిక, పైన ఆకాశం. యుద్ధానికీ సంతతికీ దేవుడైన ఓరోకి అది ముఖ్యక్షేత్రం. హవాయి నుంచి, రాపా నుయి నుంచి, న్యూజిలాండ్ నుంచి, పాలినేషియా అనే ఆ మహాత్రిభుజం మూలమూలల నుంచీ పడవలు అక్కడికి వచ్చేవని, కొత్త దీవిలో మరాయె కడితే ఇక్కడి రాయి ఒకటి తీసుకెళ్లి పునాదిలో వేసేవాళ్లని చెబుతారు. పడవలు లోపలికి వచ్చే సందుని పవిత్ర మార్గం అంటారు. ఒడ్డున నిలబడితే పగడపు గట్టు మీద విరిగే తెల్లటి అలల మధ్య ఆ సందొక్కటే నీలంగా, నిశ్చలంగా కనబడుతుంది.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు అక్కడ నేనూ, ఓపోవా నుంచి వచ్చిన ఇద్దరు ముసలివాళ్లూ తప్ప ఎవరూ లేరు. వాళ్లు చెట్టు కింద రాలిన ఆకులు ఊడుస్తున్నారు. జీతానికా అంటే కాదు, మా ఇంటి ముంగిలి కదా అన్నారు. ప్రపంచ వారసత్వ జాబితా కోసం పట్టుబట్టింది కూడా ముందు అలాంటి ఊరివాళ్లే. ఓపోవాలో సంఘం కట్టుకుని కూర్చున్నారు. ప్రభుత్వం చేసింది ఆ పట్టుదలని దస్త్రం చేయడం. యునెస్కోకి పంపే ఆ దస్త్రమంటే పటాలు, సరిహద్దులు, సంరక్షణ ప్రణాళిక, భూముల చిక్కులు, నిపుణుల తనిఖీలు. గీసిన సరిహద్దు చూస్తే నాకు ముచ్చటేసింది. రాళ్ల చుట్టూ కంచె గీసి ఊరుకోలేదు. వెనకున్న రెండు అడవి లోయలు, ముందున్న సరస్సులాంటి లోతట్టు నీరు, పగడపు గట్టు, దాని అవతల కొంత మహాసముద్రం, అన్నీ కలిపి ఒకటే క్షేత్రమన్నారు. 2017 జులైలో పోలండ్‌లోని క్రాకోవ్‌లో జరిగిన సమావేశం దాన్ని ఒప్పుకుంది. ఫ్రాన్సు సముద్రాంతర ప్రాంతాల నుంచి సాంస్కృతిక క్షేత్రంగా ఆ జాబితాకెక్కిన మొదటిది అదే.

సముద్రం సంగతిలో ఆ ప్రభుత్వం పట్టుకున్నది పాత ఆయుధాన్నే. రాహుయి అని వాళ్ల పూర్వీకుల కట్టుబాటు: ఫలానా చోట ఫలానా కాలం చేప పట్టకూడదు, కాయ కోయకూడదు, ఊరు తీర్మానిస్తే అందరూ లోబడతారు. దక్షిణాన రాపా దీవిలో 1984లో దాన్ని మళ్లీ పెట్టుకున్నారు. తహితిలోని తెయహుపోవోలో 2014లో పెట్టుకున్నారు. చట్టం వేటాడితే తప్పించుకునేవాడు కూడా, తన మేనమామ కూర్చున్న ఊరి కమిటీకి లోబడతాడు, ఎక్కడైనా అంతే. 2018లో తమ ఆర్థిక హక్కులున్న సముద్రజలాలన్నిటినీ తయినుయి అతెయా పేరుతో నిర్వహిత ప్రాంతంగా ప్రకటించారు. ఒక్క మాకో రకం తప్ప సొరచేపలకి 2006 నుంచి, దాన్ని కూడా కలుపుకుని 2012 నుంచి పూర్తి రక్షణ అప్పటికే ఉంది. లోతు సముద్రపు అడుగున లోహాలు తవ్వుకోవచ్చని కంపెనీలు చుట్టుపక్కల తిరుగుతున్న కాలంలో, తవ్వొద్దన్న పక్షాన మామాతువాయాహుతపు గట్టిగా నిలబడ్డాడు. నేను దీన్ని చిన్న సంగతిగా తీసుకోను. ఆదాయం తక్కువున్న దేశపు మంత్రి అలా అనడానికి గుండె కావాలి.

దిగిపోయే ముందు ఇంకో పని పూర్తయింది. పునావియాలోని మ్యూజియం ఏళ్లపాటు మూతబడి, 2023 మార్చిలో కొత్తగా తెరుచుకుంది. రురుతు దీవివాళ్లు 1821లో మిషనరీలకి అప్పగించిన 'ఆ' అనే పేరున్న దేవుడి చెక్కబొమ్మ బ్రిటిష్ మ్యూజియం నుంచి అరువు మీద అక్కడికొచ్చింది. రెండు వందల ఏళ్ల తరవాత తమ సముద్రానికొచ్చిన ఆ బొమ్మ ముందు రురుతు పెద్దలు పాడుతున్న వీడియో మా పక్కింటావిడ పంపింది. నాలుగుసార్లు కాదు, ఎన్నిసార్లు చూశానో. అరువు కదా, మళ్లీ తీసుకుపోతారు కదా అన్న దిగులు ఆవిడ మాటల్లో ఉంది. నాకూ ఉంది. తీసుకుపోకూడదనే నా అభిప్రాయం.

ఆ ఏప్రిల్‌లో జరిగిన ఎన్నికల్లో ఫ్రిచ్ పార్టీ ఓడిపోయింది. స్వాతంత్ర్యం కోరే పార్టీ గెలిచి మేలో మోయెతాయి బ్రదర్సన్ అధ్యక్షుడయ్యాడు. అప్పటికి, ఆ అయిదు ద్వీపసమూహాల్లో ఒకటైన మార్కేసాస్ దీవుల దస్త్రం యునెస్కో దారిలో ఉంది. అది ఎన్నో ఏళ్ల పని, ఎన్ని ప్రభుత్వాలు మారినా బల్ల మీంచి దిగని పని. 2024 జులైలో ఆ సమావేశం ఎక్కడ జరిగిందనుకున్నారు? మన ఢిల్లీలో, భారత్ మండపంలో. యానాంలో మా ఇంట్లో కూర్చుని ఫోనులో ప్రత్యక్షంగా చూశాను. మన అస్సాం అహోం రాజుల సమాధులు జాబితాకెక్కిన సమావేశంలోనే మార్కేసాస్ కూడా ఎక్కింది. సంస్కృతి ఒక్కదానికీ కాదు, ప్రకృతి ఒక్కదానికీ కాదు, రెండూ కలిసిన మిశ్రమ వారసత్వంగా. నాకు కళ్లు చెమర్చాయి. హిరో, ఆయన తరవాత ఆ కార్యాలయంలో బల్లల ముందు కూర్చున్న పేరు తెలియని గుమాస్తాలు, పటాలు గీసినవాళ్లు, అనువాదాలు చేసినవాళ్లు, అందరూ చెబుతూ వచ్చినదాన్ని పరాయి దేశాలవాళ్లు ఒక తీర్మానంలో ఒప్పుకున్నారు.

2025 జూన్‌లో ఫ్రాన్సులోని నీస్‌లో సముద్రాల సదస్సు జరిగింది. తమ జలాలన్నీ, దాదాపు 50 లక్షల చదరపు కిలోమీటర్లు, రక్షిత ప్రాంతమని బ్రదర్సన్ ప్రకటించాడు. అందులో తొమ్మిది లక్షల చదరపు కిలోమీటర్లకి కట్టుబాట్లు మరీ గట్టివి. పాత మంత్రి పార్టీకి ఆయన ప్రత్యర్థి. అయినా ప్రకటనలో ఉన్న పేరు 2018 నాటిదే, తయినుయి అతెయా. పాతవాళ్లు పెట్టారని కొట్టేయలేదు, కొత్త పేరు తగిలించుకోలేదు, పాతదాని మీదే ఇంకో మెట్టు కట్టారు.

వార్త చూడగానే పక్కింటావిడకి ఫోన్ చేశాను. ఆవిడ రిటైరైపోయింది, ఇప్పుడు హెయివాలో ఆడేది మనవరాలు. విని సంతోషించింది కానీ ఎక్కువసేపు మాట్లాడలేదు. జులైకి నెల కూడా లేదు, మొరెకి పురావు బెరడు ఇంకా సగమే నానిందట.